ఏడు వందల పళ్లు... ఒక్క చెంచా!

క్విజ్‌కు సిద్ధమేనా? మొదటి ప్రశ్న తేలికే. ఒంటినిండా కండ, నోటినిండా కత్తులు, సరస్సు మొత్తానికి తనే రౌడీ. అలాంటి చేప ముందు మెరిసే చెంచా ఒకటి ఆడిస్తే ఏం చేస్తుంది? పారిపోతుందా, పట్టించుకోదా, మింగేస్తుందా? మూడోదే! దాని పేరు నార్తర్న్ పైక్. ఉత్తర అమెరికా, యూరప్, సైబీరియాల చలినీళ్లు దాని అడ్డా. మంచు కరిగే వసంతం రాగానే పెద్ద పైక్ కోసం జనం పెట్టెలకొద్దీ ఎరలు మోసుకుంటూ బయల్దేరతారు. ఆ పెట్టె మూత తీద్దాం పదండి.

మీకు తెలుసా? పైక్ నోట్లో దాదాపు 700 పళ్లుంటాయి! కింది దవడవి నిలువు కోరలు. అంగిట్లోవి సన్నవి, అన్నీ గొంతువైపే వాలి ఉంటాయి. లోపలికి పోయేదానికి దారి ఇస్తాయి, బయటికొచ్చేదానికి ఇవ్వవు. పక్కా వన్‌వే! ఇలాంటి పేషెంటు ఒక్కటి దొరికితే చాలు, పంటి డాక్టరు ఇల్లు కట్టేస్తాడు.

మీకు తెలుసా? పైక్ వేటగాళ్లు రీలుకు చుట్టే అల్లిక దారాన్ని బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లలో వాడే రకం పీచుతోనే చేస్తారు. బరువుకు బరువు చూస్తే ఉక్కు కంటే ఎన్నో రెట్లు గట్టిది. తూటాకు ఎదురు నిలిచే ఆ దారాన్ని పైక్ ఏం చేస్తుందో తెలుసా? పుటుక్కుమనిపిస్తుంది!

అందుకే దారానికీ ఎరకూ మధ్య జానెడు నుంచి మూరెడు దాకా తీగ కడతారు. దాన్ని లీడర్ అంటారు. ఉక్కుది కావచ్చు, టైటానియంది కావచ్చు. ఇక్కడే అసలు తమాషా. టైటానియం లీడర్లలో చాలావాటిది నికెల్-టైటానియం మిశ్రమలోహం. వంకర పళ్లు సరిచేయడానికి డాక్టర్లు బిగించే తీగల్లోనూ అదే! ఎలా వంచినా మళ్లీ తిన్నగా అయిపోతుంది. మనకైతే పళ్ల కోసం, ఇక్కడైతే పైక్ పళ్ల బాధ పడలేక!

తీగ కనబడితే చేప బెదురుతుందని అనుమానమా? అయితే ఫ్లోరోకార్బన్ ఉంది. కాంతిని వంచే లెక్కలో నీటిది 1.33, దీనిది 1.42, మామూలు నైలాన్‌ది 1.5 పైన. అంటే నీళ్లలో ఇది నైలాన్ కంటే బాగా దాక్కుంటుంది. పైక్ కోసమైతే 80 నుంచి 100 పౌండ్ల లాగుడు తట్టుకునే లావుది వాడతారు. చేపకు కనబడదు సరే, అంత లావు దానికి ముడి వేయబోతే చుక్కలు మాత్రం మనకే కనబడతాయి!

రాడ్ సంగతి గబగబా: 7 నుంచి 8 అడుగుల పొడవు, కాస్త బిరుసుది. దారం 30 నుంచి 65 పౌండ్లది. షోరూంలో ఇంతకన్నా ఎక్కువ చెబితే మీ జేబు మీద కన్నేశారని అర్థం.

మీకు తెలుసా? పైక్ వేటలో 'వసంతం' అనేది క్యాలెండర్ చూసి రాదు, మంచు చూసి వస్తుంది. కెనడాలోని గ్రేట్ స్లేవ్ సరస్సు మీద మంచు పూర్తిగా పోయేది జూన్‌లో! మన దగ్గర రోహిణి కార్తెలో రోళ్లు పగిలే వేళకు అక్కడ సరస్సు మంచు పగలడం మొదలవుతుంది. మనం ఆవకాయ జాడీకి గుడ్డ కడుతుంటే, అక్కడివాళ్లు స్వెట్టర్లు వేసుకుని వసంతం వచ్చిందని సంబరపడుతుంటారు.

మంచు కరిగిన కొత్తలో సరస్సు అంతటా వెతకక్కర్లేదు. ఉత్తరపు ఒడ్డున, దక్షిణం ముఖంగా తెరుచుకున్న లోతులేని మడుగు చూసుకోండి. ఆ దేశాల్లో సూర్యుడు దక్షిణం వైపు నుంచే వెలుగు పంపిస్తాడు కాబట్టి ముందుగా వెచ్చబడేది అదే. అడుగున నల్లటి బురద ఉంటే ఇంకా వేగం. వాస్తు సిద్ధాంతులు మొహం చిట్లించే దక్షిణం వాకిలే పైక్‌కు మహాశుభం!

మీకు తెలుసా? మీటరు పైగా పొడవున్న పైక్ వసంతంలో మోకాలి లోతు నీళ్లలో దొరుకుతుంది. ఒక్కోసారి నీళ్లు చాలక వీపు బయటికి తేలుతూ ఉంటుంది! పెద్ద పడవలు, సోనార్ పెట్టెలు పెట్టుకుని లోతుల్లో గాలించేవాళ్లు ఒడ్డునే దాన్ని దాటి వెళ్లిపోతుంటారు.

అంత తక్కువ నీళ్లలో దానికేం పని? గుడ్లు! నీరు 4 డిగ్రీలు దాటుతూనే, ఒక్కోచోట మంచు ఇంకా పూర్తిగా పోకముందే, పైక్ ములిగిన గడ్డిలోకి చేరుతుంది. పెద్ద ఆడచేప ఒక్క విడతలో లక్షకు పైగా గుడ్లు పెట్టగలదు. గూడు కట్టదు, కాపలా కాయదు, వెనక్కి తిరిగి చూడదు. లక్ష మందికి పేర్లు పెట్టడం ఎవరివల్ల అవుతుంది లెండి!

మీకు తెలుసా? గుడ్డులోంచి వచ్చిన పైక్ పిల్ల మొదటి కొన్నాళ్లు ఈదదు. తలమీద జిగురు గ్రంథి ఉంటుంది. దాంతో గడ్డిపోచకు అతుక్కుని వేలాడుతుంది! రేపటి రౌడీ ఇవాళ ఫెవికాల్ బ్యాచ్.

ఇంగ్లండ్‌లో ఐజాక్ వాల్టన్ 1653లో చేపల వేట మీద పేరుమోసిన పుస్తకం వేశాడు. కొన్ని పైక్‌లు నీటిమొక్కల్లోంచే పుడతాయన్న నమ్మకాన్ని అందులో సీరియస్‌గా రాశాడు! గడ్డిపోచలకు వేలాడే పిల్లల్ని చూసి ఎవరో అలా అనుకుని ఉంటారనే నా అనుమానం. లేకపోతే కూరగాయల లెక్కలో వేసుకుని శనివారం కూడా తినేయాలని ప్లానేమో!

మీకు తెలుసా? పైక్‌లలో భారీకాయాలన్నీ ఆడవే! మగ పైక్ 5 కిలోలు దాటడమే అరుదు. గోడకు తగిలించిన బొమ్మలో కోరమీసం వేటగాడు ఎత్తి పట్టుకున్నది నూటికి తొంభైతొమ్మిది పాళ్లు అమ్మగారినే.

ఇప్పుడు అందరూ నోరు వెళ్లబెట్టే ప్రశ్న. వసంతం మొదట్లో పెద్ద పైక్‌కు బాగా పనిచేసే ఎర ఏది? రంగురంగుల ప్లాస్టిక్ కప్పా? గిరగిర తిరిగే రేకా? లేక చచ్చిన చేపా? చచ్చిన చేపే! చలికాలంలో మంచు కింద చనిపోయిన చేపలు అడుగున పడి ఉంటాయి. గుడ్లు పెట్టి అలిసిన పైక్‌కు వాటి వెంట పరుగెత్తే పని లేదు, వెళ్లి నోట్లో వేసుకోవడమే. హోం డెలివరీ!

ఆ చచ్చిన చేపల్లోనూ ఒక వింత ఉంది. బ్రిటన్‌లో పైక్ వేటగాళ్లు ప్రాణంపెట్టే ఎర స్మెల్ట్ అనే చిన్న చేప. దాని వాసన ఎలా ఉంటుందో తెలుసా? అచ్చం దోసకాయ! చేపల పెట్టె తెరిస్తే దోసకాయ గుబాళింపు. దోసకాయ పప్పు కోసం మనం ఎగబడినప్పుడు పైక్‌ను తప్పుపట్టడం న్యాయమా?

మీకు తెలుసా? జన్మలో సముద్రం మొహం చూడని సరస్సు పైక్ సముద్రపు చేపలంటే పడి చస్తుంది. మాకరెల్, సార్డిన్, అంటే మన కానాగంతలకూ కవళ్లకూ చుట్టాలు, దానికి మహా ఇష్టం. నూనె కారే చేపలు కదా, వాసన నీళ్లలో దూరం పోతుంది. ఫారిన్ సరుకంటే మోజు మనకొక్కళ్లకేనా!

చచ్చిన చేప వద్దు, ఎర ఆడించాల్సిందే అంటారా? అయితే చేతులు కట్టేసుకోండి. చల్లటి నీళ్లలో గెలిచేది బద్ధకం. జర్క్‌బెయిట్ అనే చెక్క చేపనో ప్లాస్టిక్ చేపనో ఒక్క గుంజు గుంజి, అయిదారు సెకన్లు అలాగే వదిలేస్తారు. అది మునగదు, తేలదు, నీళ్ల మధ్య బెల్లం కొట్టిన రాయిలా నిలబడుతుంది. పైక్ వచ్చి కొట్టేది చాలాసార్లు ఆ నిలిచిన క్షణంలోనే. ఏమీ చేయకపోవడమే ఇక్కడ నైపుణ్యం. ఆఫీసులో మనకీ ఈ సూత్రం వర్తిస్తే ఎంత బాగుండేది!

ఎర బద్ధకంగా ఉండాలి గానీ పైక్ బద్ధకస్తురాలు అనుకోకండి. శాస్త్రవేత్తలు పైక్ ఒంటికి త్వరణం కొలిచే పరికరం అమర్చి చూశారు. ఎగిరి దూకే తొలి క్షణంలో అత్యధికంగా నమోదైంది సెకనుకు సెకనుకు 244.9 మీటర్లు. 1990లో అచ్చయిన లెక్క ఇది. భూమ్యాకర్షణతో పోలిస్తే సుమారు 25 రెట్లు! రాకెట్‌లో పైకెళ్లే వ్యోమగామి తట్టుకునేది మూడు, నాలుగు రెట్లే. ఇస్రో వాళ్లు ఒకసారి ఈ చేపతో మాట్లాడాలి.

ఆ దూకుడు రహస్యం తోక దగ్గరే ఉంది. వీపు రెక్కా, కింది రెక్కా రెండూ వెనక్కి జరిగి తోక పక్కనే ఉంటాయి. మూడూ ఒక్కసారి కొడితే చేప చేప కాదు, బాణం. మరి గురి? కళ్ల ముందు నుంచి మూతి దాకా రెండు గాళ్లు పడి ఉంటాయి. తుపాకీ గురి చూసినట్టు ఆ గాళ్ల వెంట చూస్తుంది. తుపాకీ, తూటా రెండూ తానే!

ఇక చెంచా కథకు వద్దాం. మీకు తెలుసా? పైక్ వేటలో రాజ్యమేలే స్పూన్ ఎర నిజంగానే తిండి చెంచాలోంచి పుట్టిందంటారు. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం, బొమొసీన్ సరస్సు. జూలియో బ్యూయెల్ అనే కుర్రాడి చేతిలోంచి చెంచా జారి నీళ్లలో పడిందనీ, తళతళలాడుతూ మునుగుతున్న దాన్ని పెద్ద చేప వచ్చి లాక్కుపోయిందనీ కథ. కథ మాట దేవుడెరుగు, 1852లో అతను స్పూన్ ఎరకు పేటెంట్ తీసుకున్నది మాత్రం పచ్చి నిజం. చెంచా పోయినందుకు ఇంట్లో తిట్లు తిన్నాడో లేదో చరిత్ర రాయలేదు.

మీకు తెలుసా? ఎర్ర రంగు మీద తెల్ల చార. ఈ ఒక్క డిజైన్ నూరేళ్లు దాటినా పైక్ వేటగాళ్ల పెట్టెలోంచి దిగలేదు. డెట్రాయిట్‌కు చెందిన లూ ఎపింగర్ 1906లో తయారుచేసిన స్పూన్‌కు మొదట ఆస్ప్రే అనే డేగ పేరు పెట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికన్ మెరైన్ల తెగువ చూసి పేరు 'డార్‌డెవిల్' అని మార్చాడు. పేరులో దెయ్యం ఉంటే భక్తులు నొచ్చుకుంటారని స్పెల్లింగు కావాలనే చెడగొట్టాడు! బడిలో అయితే గోడకుర్చీ వేయించేవాళ్లు.

పెట్టెలో ఇంకా ఎవరెవరు ఉన్నారో చూస్తారా? ఫిన్లండ్ నుంచి 'ప్రొఫెసర్' అనే స్పూన్ ఉంది. అమెరికా నుంచి 'డాక్టర్' ఉంది. స్వీడన్ నుంచి 'ఆటమ్' ఉంది. డాక్టరు, ప్రొఫెసరు, అణువు, దెయ్యం! ఇంతమంది కలిసి మోసం చేస్తుంటే చదువురాని చేప ఏం చేస్తుంది పాపం.

పేకాట రాయుళ్లకో స్పెషల్. కెనడాలో లెన్ థాంప్సన్ కంపెనీ 1929 నుంచి స్పూన్లు చేస్తోంది. అందులో పైక్‌కు తిరుగులేనిదని పేరుపడ్డది పసుప్పచ్చ రంగు మీద ఎర్ర డైమన్లు అయిదు. అంటే డైమన్ ఐదు! కెనడా పైక్ ఆట షో చేసేది ఆ ముక్కతోనే.

మీకు తెలుసా? పెద్ద చేపల వేటకు ప్రపంచమంతా వాడే ఆబూ రీళ్ల కంపెనీ పుట్టింది గడియారాల కోసం! 1921లో స్వీడన్‌లోని స్వెంగ్‌స్టా ఊళ్లో మొదలైంది. జేబు గడియారాలు చేసింది, తర్వాత టాక్సీ మీటర్లు చేసింది. రెండో ప్రపంచయుద్ధంలో టాక్సీ మీటర్లు కొనే నాథుడు లేక రీళ్ల మీద పడింది. గడియారం పనితనం రీల్లోకి వచ్చి చేరింది. పైక్ పారిపోతుంటే రీలు గిర్రుమనే మోతలో ఆ టాక్సీ మీటరే వినిపిస్తుందేమో, ఎక్కడా తగ్గదు!

గిరగిర తిరిగే రేకు ఎరకు స్పిన్నర్ అని పేరు. ఫ్రాన్స్‌లో ఆంద్రె మ్యుల్నార్ 1938లో తెచ్చిన మెప్స్ స్పిన్నర్ అందులో మహారాణి. అది అమెరికా చేరిన దారి వింటే నవ్వాగదు. విస్కాన్సిన్‌లో చేపల సామాన్ల కొట్టు నడిపే టాడ్ షెల్డన్‌కు యుద్ధం నుంచి వచ్చిన సైనికుడు ఒకటి ఇచ్చాడు. దాంతో చేపలు విరగబడ్డాయి. ఇంకా కావాలి! ఫ్రాన్స్‌లో ఒకావిడ స్పిన్నర్లు పంపడానికి ఒప్పుకుంది. ధర డబ్బు కాదు, నైలాన్ మేజోళ్లు! ఆవిడకు కావలసినన్ని మేజోళ్లు అయిపోగానే సప్లయి ఆగిపోయింది. అప్పుడు గానీ షెల్డన్ అసలు కంపెనీ తలుపు తట్టలేదు.

ఆగండి, ఆ కంపెనీది ఇంకో వింత. మెప్స్ స్పిన్నర్ వెనక గాలానికి కుచ్చు ఉంటుంది చూశారా? అది ఉడుత తోక! వేటగాళ్లు తినడానికి కొట్టిన ఉడుతల తోకల్ని కంపెనీ దశాబ్దాలుగా కొంటోంది. రకరకాల బొచ్చులు ప్రయత్నించి చూశారట, నీళ్లలో ఇంత సొంపుగా ఆడేది దొరకలేదు. రామాయణంలో ఉడుత వారధికి సాయం చేసింది, విస్కాన్సిన్‌లో గాలానికి!

ఇప్పుడు ఈ పెట్టెలో నాకు అన్నిటికంటే నచ్చిన కథ. ఫిన్లండ్‌లో లౌరీ రపాలా అనే పేద జాలరి. సరస్సులో పడవ వేసుకుని గంటలకొద్దీ చూస్తూ కూర్చునేవాడు. పెద్ద చేప గుంపులోకి దూకేటప్పుడు ఎవరిని పట్టుకుంటోంది? బాగా ఈదేదాన్ని కాదు, పక్కకు ఒరిగి తడబడేదాన్ని! సరే, తడబడే చేపనే తయారుచేద్దాం అనుకున్నాడు. 1936లో బెరడు ముక్క తీసుకుని చెప్పులు కుట్టే కత్తితో చెక్కాడు. పైన మెరుపు కోసం చాక్లెట్ చుట్టే రేకు కాగితం. తడవకుండా పూత కోసం? ఫొటో నెగెటివ్‌లు కరిగించి పోశాడు! మార్కెట్లో దొరికే ఎర కొనడానికి డబ్బుల్లేక చేసిన పని ఇది.

తర్వాత? 1962 ఆగస్టులో అమెరికాలో 'లైఫ్' పత్రిక ఈ ఎర మీద వ్యాసం వేసింది. అదే సంచిక అట్టమీద అప్పుడే చనిపోయిన మార్లిన్ మన్రో బొమ్మ. దేశమంతా ఎగబడి కొంది. మన్రో కోసం కొన్నవాళ్లు తిరగేస్తూ తిరగేస్తూ చేప దగ్గర ఆగారు. లక్షల ఆర్డర్లు వచ్చి పడ్డాయి! ఫిన్లండ్‌లో చెక్కపేళ్ల ఎరకు ప్రచారకర్త హాలీవుడ్ తార. ఇంతకన్నా గొప్ప గాలం ఎవరు వేయగలరు?

మీకు తెలుసా? పైక్ తన పొడవులో సగం ఉన్న చేపనైనా మింగబోతుంది. ఆ చేప మరో పైక్ అయినా సరే, చుట్టరికం చూడదు. అందుకే పెద్దదాని కోసం జానెడు పైబడిన ఎరలు వేస్తారు. పెద్ద ఎర వేస్తే సగటున పెద్ద చేపే పడుతుంది. కానీ ఒక్కోసారి ఎరంత పొడవు కూడా లేని పిల్ల పైక్ వచ్చి వేలాడుతుంది. ధైర్యం ఫుల్లు, పొట్ట నిల్లు!

ఆ ఆశకు శిక్ష కూడా ఉంది. మరో పైక్ గొంతులో ఇరుక్కుని రెండూ చచ్చి తేలిన ఘటనలు ఎన్నో. మింగలేక కక్కలేక అని మనవాళ్లు ఊరికే అనలేదు.

రికార్డుల రౌండ్! అంతర్జాతీయ సంస్థ ఐజీఎఫ్‌ఏ పుస్తకంలో ప్రపంచ రికార్డు పైక్ బరువు 55 పౌండ్ల 1 ఔన్సు. 1986 అక్టోబరులో జర్మనీలోని గ్రెఫెర్న్ సరస్సులో లోథార్ లూయిస్ పట్టాడు. అంటే 25 కిలోల బియ్యం బస్తా, దానికి పళ్లు మొలిచి, కోపం వచ్చి, తిరగబడితే ఎలా ఉంటుందో అలా! ఆయన బద్దలుకొట్టిన రికార్డు 1940 సెప్టెంబరు నాటిది. న్యూయార్క్ రాష్ట్రం సాకండాగా సరస్సులో పీటర్ డుబుక్ పట్టిన 46 పౌండ్ల 2 ఔన్సుల చేప. అమెరికాలో నేటికీ దాన్ని మించింది లేదు.

గమనించారా? ఒకటి సెప్టెంబరు, ఒకటి అక్టోబరు. వసంతంలో పట్టాలని ఇంత హడావుడి చేసి, రెండు పెద్ద రికార్డులూ ఆకులు రాలే కాలంలోనా! అవును. వసంతంలో పెద్దవి ఒకేచోట గుంపుగా, ఒడ్డు పక్కనే దొరుకుతాయి, అదీ దాని గొప్ప. నీరు వేడెక్కగానే భారీ పైక్‌లు చల్లటి లోతుల్లోకి జారుకుంటాయి. తర్వాత వెతుక్కోవడమే.

మీకు తెలుసా? వేల్స్ రగ్బీ దేవుడు గారెత్ ఎడ్వర్డ్స్ 1990లో లాండెగ్‌ఫెడ్ రిజర్వాయరులో 45 పౌండ్ల 6 ఔన్సుల పైక్ పట్టి బ్రిటిష్ రికార్డు కొట్టాడు. రెండేళ్లకే అదే రిజర్వాయరులో రాయ్ లూయిస్ 46 పౌండ్ల 13 ఔన్సులతో దాన్ని దాటేశాడు. అది 30 ఏళ్లు దాటి నిలిచి, 2024 ఫిబ్రవరిలో చ్యూ వ్యాలీ సరస్సులో పడిన 47 పౌండ్ల 5 ఔన్సుల పైక్ దగ్గర ఓడిపోయింది. మూడు దశాబ్దాల నిరీక్షణ, తేడా అర పౌండు!

దొంగ రికార్డులు కావాలా? 1497లో జర్మనీలోని హైల్‌బ్రోన్ దగ్గర 19 అడుగుల పైక్ దొరికిందట. మొప్పకు ఉంగరం, దానిమీద 1230లో చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ స్వయంగా నీళ్లలో వదిలాడన్న రాత. అంటే వయసు 267 ఏళ్లు! అస్థిపంజరాన్ని మన్‌హైమ్ చర్చిలో భద్రంగా దాచారు. తర్వాత ఎవరో ఎముకలు లెక్కపెట్టారు. వెన్నుపూసలు మరీ ఎక్కువున్నాయి! చాలా పైక్‌లను కలిపి కుట్టిన అతుకులబొంత అది. ఫొటోషాప్ లేని రోజుల్లోనే ఇంత పని!

అసలు వయసు ఎలా తెలుస్తుంది? భుజం దగ్గర ఉండే క్లైత్రమ్ అనే ఎముకలో వలయాలు లెక్కపెడతారు. ఇరవై ఏళ్లు దాటినవి ఉన్నాయి. రెండు వందల అరవై ఏడు మాత్రం లేవు.

నెమలి ఈక అంటే మనకు కృష్ణుడు. స్కాట్లండ్‌లో మాత్రం పైక్! అక్కడ లోక్ కెన్‌లో జాన్ మరే అనే వ్యక్తి పద్దెనిమిదో శతాబ్దంలో నెమలి ఈకలతో కట్టిన ఎరకు 72 పౌండ్ల పైక్ పట్టాడని చెప్పుకుంటారు. తూకం మాటెలా ఉన్నా, దాని తలను కెన్మ్యూర్ కోటలో దాచారు.

మీకు తెలుసా? కెనడాలోని మానిటోబాలో 1990 నుంచి గాలానికి ఎదురుముల్లు ఉండకూడదు. కొక్కెం నున్నగా ఉండాలి, లేదా ముల్లును పటకారుతో నొక్కేయాలి. తీసి వదిలేటప్పుడు చేపకు గాయం తక్కువ. 700 పళ్ల నోట్లో వేళ్లు పెట్టే మనిషికీ గాయం తక్కువ! అందుకే పొడుగు ముక్కు పటకారు, గాలం కత్తిరించే కట్టరు, రబ్బరు పూత వల లేకుండా బుద్ధున్నవాడెవడూ పైక్ జోలికి పోడు. కొత్త గాలం ఎక్కడైనా దొరుకుతుంది, కొత్త వేలు దొరకదు.

చట్టాల రౌండ్‌లో తల తిరగడం ఖాయం, కుర్చీ పట్టుకోండి. ఐర్లండ్‌లో 2006 నుంచి అమల్లో ఉన్న నిబంధన: 50 సెంటీమీటర్లు దాటిన పైక్‌ను చంపితే నేరం, వదిలేయాలి. జర్మనీలో? జంతు సంక్షేమ చట్టం ప్రకారం సరైన కారణం లేకుండా చేపను బాధపెట్టకూడదు. తినే ఉద్దేశమే లేకుండా సరదాకు పట్టి వదిలేస్తే కేసు కావచ్చు! ఒకచోట వదలకపోతే తప్పు, ఒకచోట వదిలితే తప్పు. పాపం పైక్ లాయరును పెట్టుకోవాలేమో.

మిన్నెసోటా ఇంకా వింత. 2018 నుంచి అక్కడ ఉత్తర-మధ్య మండలంలో పది పైక్‌లు ఇంటికి తీసుకెళ్లొచ్చు. కానీ 22 అంగుళాల నుంచి 26 అంగుళాల మధ్యవి ఒక్కటి కూడా ముట్టుకోకూడదు, 26 దాటినవి రెండుకు మించకూడదు. చిన్నవి బోలెడు పేరుకుపోయి పెద్దవి ఎదగడం లేదని ఈ ఏర్పాటు. పడవలో పైక్‌తో పాటు టేపు కూడా ఉండాలి.

ఇంగ్లండ్ నదుల్లో అయితే మార్చి 15 నుంచి జూన్ 15 దాకా వేటే బంద్. వసంతం మొత్తం పైక్‌కు సెలవులు! అమెరికా, కెనడాల్లో ఉన్న మనవాళ్లు ఎర కొనేముందు లైసెన్సు, సీజన్ తేదీలు చూసుకోవడం మేలు. రాష్ట్రానికో లెక్క, ఒక్కోచోట సరస్సుకో లెక్క.

పట్టాం సరే, తింటే? పైక్ కండలో ఆంగ్ల అక్షరం 'వై' ఆకారంలో ముళ్లుంటాయి. అమెరికాలో చాలామంది ఆ ముళ్లకు దండం పెట్టి ముట్టుకోరు. ఫ్రాన్స్‌లోని లియోన్ వంటవాళ్లు మాంసాన్ని మెత్తగా రుబ్బి కెనెల్ అనే ఉండలు చేసి ముళ్ల గొడవ వదిలించుకున్నారు. పుస్తెలమ్మి పులస కొని, మాట్లాడుతూనే ముళ్లు ఏరి పారేసే గోదావరి జిల్లాలవాళ్ల ముందు ఇదో లెక్కా!

మీకు తెలుసా? ఫిన్లండ్ ఇతిహాసం 'కాలెవాలా'లో వైనామోయినెన్ అనే వృద్ధ వీరుడు పైక్ దవడ ఎముకతో తంత్రీవాద్యం చేసి వాయిస్తాడు. రష్యా జానపద కథలో ఎమేల్యా అనే సోమరిపోతుకు దొరికిన పైక్ మాట్లాడుతుంది, కోరినవన్నీ తీరుస్తుంది. ఒకళ్లకు వీణ, ఒకళ్లకు వరం. అమెరికాలో వేటగాళ్లు ముద్దుగా ఏమంటారో తెలుసా? ఒంటినిండా జిగట కాబట్టి 'చీమిడి రాకెట్'!

డీఎన్‌ఏ రౌండ్ ఒక్కటే ప్రశ్న. యూరప్ పైక్‌లో మగతనాన్ని నిర్ణయించే జన్యువు ఒకటుంది. ఉత్తర అమెరికాలో చాలాచోట్ల పైక్‌లలో ఆ జన్యువే లేదని 2021లో తేలింది. అయినా మగవి పుడుతూనే ఉన్నాయి! ఎలా అని శాస్త్రవేత్తలు జుట్టు పీక్కుంటుంటే చేపలు మాత్రం తమ పని తాము చేసుకుపోతున్నాయి.

మీకు తెలుసా? పైక్ సముద్రంలో కూడా ఉంటుంది! బాల్టిక్ సముద్రంలో ఉప్పు తక్కువ కాబట్టి అక్కడ హాయిగా తిరుగుతుంది. వసంతంలో గుడ్ల కోసం కొన్ని తాము పుట్టిన వాగులకే తిరిగొస్తాయి. తీరంలో పైక్ తగ్గిపోతోందని స్వీడన్‌వాళ్లు వాగుల పక్కన పాత చిత్తడి నేలల్ని మళ్లీ నీళ్లతో నింపారు. వాటికి పెట్టిన పేరు 'పైక్ ఫ్యాక్టరీలు'. ఇక్కడ షిఫ్టు ఏడాదికి ఒక్కటే!

ఒకచోట ఫ్యాక్టరీ పెడితే ఇంకోచోట యుద్ధం. కాలిఫోర్నియాలో డేవిస్ సరస్సులోకి ఎవరో దొంగతనంగా పైక్‌ను వదిలారు. 1994లో బయటపడింది. కింది నదుల్లోని సాల్మన్‌ను తినేస్తుందని భయపడి 1997లో ప్రభుత్వం సరస్సు మొత్తానికి మందు కలిపింది. నిరసనగా కొందరు నీళ్లలో తేలే బోయాలకు తమను గొలుసులతో కట్టేసుకున్నారు. పైక్ పోయింది. 1999లో? మళ్లీ వచ్చింది! వలలు వేశారు, కరెంటు పెట్టారు, నీళ్లలో పేలుడు తాడు పేల్చారు. చివరికి 2007లో కోటికి పైగా డాలర్లు పోసి మళ్లీ మందు కలిపారు. రష్యా కథలో వరాలిచ్చే చేప ఇక్కడ బిల్లు చేతిలో పెట్టింది.

వాషింగ్టన్ రాష్ట్రంలో రూజ్‌వెల్ట్ సరస్సు దగ్గర లెక్క మరీ సూటిగా ఉంది. పైక్ తల తెచ్చి ఇవ్వండి, 10 డాలర్లు పట్టుకెళ్లండి. కొల్‌విల్ ఆదివాసీ తెగలవాళ్లు పెట్టిన పథకం. తలకు వెల కట్టించుకున్న చేప, సినిమా విలన్లకే దక్కని గౌరవం!

ఆఖరి ప్రశ్న, పది మార్కులు. ఒకసారి గాలం గుచ్చుకున్న పైక్ మళ్లీ మోసపోతుందా? నెదర్లండ్స్‌లో బ్యుకెమా అనే శాస్త్రవేత్త చెరువులో పైక్‌లను పెట్టి పరీక్షించి 1970లో జవాబు అచ్చువేశాడు. గిరగిర తిరిగే స్పిన్నర్‌కు ఒకసారి చిక్కిన పైక్ మళ్లీ దాని జోలికి రావడం బాగా తగ్గింది. అదే బతికున్న చేప ఎర? ఎన్నిసార్లు గుచ్చుకున్నా బుద్ధి రాలేదు! రేకును అనుమానించడం నేర్చుకుంది గానీ తిండిని అనుమానించడం దాని వల్ల కాలేదు. కాబట్టి మీకన్నా ముందు ఎవరో ఆ మడుగులో స్పిన్నర్ తిప్పి వెళ్లారని తెలిస్తే, మీ పెట్టెలోంచి దోసకాయ వాసన చేపను బయటికి తీయండి.